ఒక్క మనిషి క్లాసు

పీజీ గదికి ఈ రోజు కూడా తాళం వేసే ఉంది. కూర్మమ్మ ఆ తాళాన్ని పట్టుకుని ఒకసారి కిందికి లాగింది. లాగితే ఊడి రాదని తెలుసు, అయినా వచ్చిన ప్రతిసారీ లాగి చూస్తుంది. తర్వాత వరండా చివర కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, చున్నీతో తుడుచుకుంటూ దానమ్మ కోసం అటూ ఇటూ చూసింది.

గదులు ఊడవడం, తాళాలు తీయడం, బెల్లు కొట్టడం ఆ కాలేజీలో దానమ్మ పని. డిగ్రీ బ్లాకు వైపు నుంచి చీపురు చంకలో పెట్టుకుని వస్తూ దూరం నుంచే కేకేసింది.

"ఏటమ్మా, మళ్ళీ వచ్చీసినావేటి! శనారం కూడా వచ్చినావు కదా."

"కాలేజీ అన్నాక రోజూ రావాలి కదా అత్తా."

"కాలేజీకి రావాల. ఆ గదికెవులొస్తారు? ఆ గదిలో సదివినోళ్ళందరూ పరీక్షలకే వస్తారు. అప్పుడు సూడాల నువ్వు, కార్లేసుకొచ్చినోళ్ళూ, సంకలో పిల్లల్నేసుకొచ్చినోళ్ళూ! పరీక్ష రాసీసి, ఏ గది ఎక్కడున్నాదో కూడా తెలీకుండానే ఎలిపోతారు. నువ్వొక్కదానివే ఎక్కడ దొరికినావే తల్లీ నాకు." నడుముకి దోపుకున్న తాళంచెవుల గుత్తి తీసి, ఒక్కొక్కటీ పెట్టి చూస్తూ మాట్లాడుతూనే ఉంది. "మిగతా గదులు రోజూ తీస్తాను గావల, సెయ్యి అలవాటుగా ఎల్తాది. దీని తాళంసెవే గుర్తుండి సావదు."

తలుపు తెరిచేసరికి మూసిన గది వాసన ముఖానికి కొట్టింది. కూర్మమ్మ కిటికీ రెక్కలు తోసింది. గది నిండా బెంచీలే. వాటి మీద సన్నగా ఎర్రదుమ్ము. మొదటి వరసలో గోడవైపు బెంచీ ఒక్కటే శుభ్రంగా ఉంది, అది ఆమె రోజూ తుడుచుకునే బెంచీ. సంచిలోంచి పాత గుడ్డ తీసి దాన్నే మళ్ళీ తుడిచి కూర్చుంది. మిగిలిన బెంచీలు తుడవాలని మొదట్లో రెండు మూడు రోజులు సరదా పడింది. కూర్చునేవాళ్ళు లేనప్పుడు తుడవడం కూడా ఒక రకం వెక్కిరింతలా అనిపించి మానేసింది.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో ఆమెతో పాటు చేరినవాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద చూసింది గాని, మనుషుల్ని ఎప్పుడూ చూడలేదు. ఒకరు హైదరాబాద్‌లో ఉద్యోగమట. ఒకరు సచివాలయంలోనట. అలా చేరడాన్ని ఇక్కడ ఎవరూ తప్పనరు, దానికి పేరు కూడా ఉంది. చేరేనాడు ఆఫీసులో గుమాస్తా తల ఎత్తకుండానే, "అటెండింగా, నాన్ అటెండింగా?" అని అడిగాడు, టీయా కాఫీయా అన్నట్టు. "అటెండింగ్" అంది కూర్మమ్మ. అప్పుడు తల ఎత్తి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

డేవిడ్‌రాజు మాస్టారు డిగ్రీ క్లాసు ముగించుకుని చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ వచ్చారు. పొడుగాటి మనిషి, గుమ్మం దగ్గర తల కొంచెం వంచి లోపలికి వస్తారు. మొదటి వారం ఆయన గుమ్మం దాటనే లేదు. "నోట్సు ఇస్తాను, జిరాక్స్ తీసుకో అమ్మా. ఇంత దూరం ఎందుకు రావడం?" అని బయటి నుంచే అనేవారు. ఆమె సరే సార్ అని జిరాక్స్ తీసుకుని, మర్నాడు అందులో అర్థం కానివి గీతలు గీసుకుని మళ్ళీ వచ్చేది. ఒకరోజు బోర్డు మీద ఏదో సమీకరణం రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయి, "రేపు చెప్తాను" అని తుడిచేసి వెళ్ళిపోయారు. ఆ మర్నాడు ఆయన చంకలో అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఉంది, తను చదువుకున్ననాటిది. అప్పటినుంచి ఆయన గుమ్మం దగ్గర ఆగలేదు.

"ఎక్కడున్నాం?" అన్నారు.

"బెంజీన్ సార్. కొత్తగా వచ్చేది ఏ మూలకి వెళ్తాదో, అక్కడున్నాం."

ఆయన చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతతో షడ్భుజి గీశారు. ఒక మూలకి ముందే ఒక గుంపు తగిలించి ఉంటే, అది ఎలక్ట్రాన్లు ఇచ్చే రకమైతే కొత్తది ఎక్కడికి చేరుతుందో, లాక్కునే రకమైతే ఎక్కడికి చేరుతుందో బాణం గుర్తులు వేసి చూపించారు. గొంతు పెద్దది. నిండు క్లాసుకి చెప్పే గొంతునే ఒక్క మనిషికి వాడుతుంటే, ఆ ఖాళీ బెంచీల మీంచి మాట తిరిగి వచ్చేది. మొదట్లో ఆయనకే సిగ్గనిపించి తగ్గించబోయారు గాని, తగ్గిస్తే పాఠం రావడం లేదు.

"అర్థమయిందా అమ్మా?"

"అయింది సార్."

"అయింది అనకు. ఎందుకో చెప్పు."

కూర్మమ్మ లేచి నిలబడి చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. చివర్లో తల ఊపి, బోర్డు తుడుస్తూ వెనక్కి తిరగకుండానే అన్నారు: "గురువారం ఇన్‌స్పెక్షన్. కరస్పాండెంటు గారు నీతో మాట్లాడాలన్నారు. రేపు ఒకసారి కనపడు."

* * *

తను పనిచేసే మందుల కంపెనీ బస్సు ఆమెను లేబొరేటరీ గేటు దగ్గర దించేసరికి షిఫ్టు మారే వేళయింది. చేతులు కడుక్కుని, తెల్లకోటు తొడుక్కుని, జుట్టు టోపీలోకి దోపుకుంది. ద్రావణం కలిపి, సన్నని పొర గుండా వడకట్టడానికి పెట్టింది. పంపు గుడగుడమంటూ లాగుతుంటే చుక్క చుక్కగా కిందికి దిగుతోంది. ఈ పనిలో తొందర పనికిరాదు. గాలి బుడగ ఒక్కటి మిషన్లోకి పోయిందంటే ఆ పూట లెక్కంతా పాడు. తక్కెడ గాజు తలుపు మూసి, ఊపిరి బిగబట్టి, అంకెలు కదలడం ఆగే దాకా చూసింది. మిషన్ మీదికి ఎక్కించాక తెర మీద గీత తిన్నగా సాగుతూ, ఒకచోట చిన్నగా లేచి పడింది. కొంచెం ఆగి పెద్దగా లేచి పడింది.

నిరుడు విజయనగరం వైపు ఇంకో ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు, ఇలాంటి కాగితమే ముందు పెట్టి, "ఈ చిన్నది ముందెందుకు వస్తుంది?" అని అడిగారు. "ముందే వస్తాది సార్, రోజూ చూస్తాను కదా" అంది. అవతల కూర్చున్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. చెడ్డగా కూడా నవ్వలేదు. ఆ నవ్వే ఇన్నాళ్ళకీ అరగలేదు.

"ఏటక్కా, కాలేజీ ఎలగున్నాది? ముందు బెంచీ దొరికిందా, కొట్లాడవలసి వచ్చిందా?" నరేష్ వెనక నుంచి వచ్చాడు. ఆమె తర్వాత చేరినవాడు. ఇప్పుడు ఆ సెక్షనుకి ఇన్‌ఛార్జి. గడప తొక్కకుండా తెచ్చుకున్న ఎమ్మెస్సీయే అతనిది కూడా, ఆ సంగతి అతను ఎవరి దగ్గరా దాచడు.

"నువ్వు నవ్వు. నీకేటి, ఒడ్డెక్కీసినావు."

"నా టైములో కాగితం సూపిస్తే సాలునక్కా. ఇప్పుడు ఇంటర్వ్యూలో ముగ్గురు కూకుంటన్నారు. హైదరాబాద్ నుంచి ఒకాయనొస్తాడు. కాగితం ఇస్తే టీ గ్లాసు కిందెట్టుకుంటాడు. ప్రశ్నలన్నీ ఎందుకూ, ఎందుకూ అనే." గొంతు తగ్గించాడు. "వేసవిలోనే పెడతారంట. పాసవనోళ్ళని ప్యాకింగు వైపు శాంపిళ్ళు తేడానికి మార్చీస్తారు. బీఎస్సీలు ఇంక ల్యాబులో ఉండరక్కా, ఖాయం."

"అందుకే కదా ఎల్తన్నాను."

"అదే, మంచిదే. ఎల్లు." అతను వెళ్ళబోయి ఆగాడు. తెర మీద గీతకేసి చూస్తూ, ఎవరూ వినడం లేదని చూసుకుని అన్నాడు: "ఇది ముందెందుకొస్తాదో ఆ సారు సెప్తే నాకూ సెప్పు. నాను ఎవుల్ని అడగాల?"

ఆ మాటకి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు కూర్మమ్మకి.

మంగళవారం పొద్దున్న అరసవల్లిలో తనుండే అద్దె గదిలో అన్నం వండుకుంటుంటే తల్లి ఫోన్ చేసింది. "తిన్నావేటే? కాలేజీకి ఎల్తన్నావా? మీ కలాసులో ఎంతమందే పిల్లలు?"

కూర్మమ్మ గిన్నె మీద మూత సర్దింది.

"నిండా ఉన్నారమ్మా."

"అమ్మయ్య. తోడుంటారు. ఒక్కదానివీ అయిపోతావేమోనని నాకు ఒకటే గుబులు."

* * *

కరస్పాండెంటు నరసింగరావు గారు ఎవరినైనా తల్లీ, నాన్నా అనే పిలుస్తారు. మాటలో వెన్న రాస్తారని దానమ్మ అంటుంది. కూర్మమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించారు.

"సూడు తల్లీ, మన్లో మనం మాట. యూనివర్సిటీ కమిటీ వస్తన్నాది. పీజీకి నలుగురు లెక్చరర్లుండాలని వాళ్ళ రూలు. డేవిడ్‌రాజు ఉన్నాడు. ఇంకొకరున్నారు. ఒకాయన్ని విజయనగరం నుంచి తెప్పిస్తన్నాను. ఒక కుర్చీ ఖాళీ. నీ మొకంలో ఆ కళ ఉన్నాది. మంచి సీర కట్టుకుని వచ్చి కూకో, సాలు. నోరు కూడా విప్పక్కర్లేదు."

"నేను స్టూడెంట్‌ని సార్."

"తెలుసు తల్లీ. స్టూడెంట్లకేటి కొదవ? డిగ్రీ గుంటలు బోల్డుమంది ఉన్నారు, తెచ్చి కూకోబెడతాను. లెక్చరర్లకే కరువు."

"ఆ గదిలో ఉన్న స్టూడెంటు నేనొక్కదాన్నే కదా సార్. నన్నే లేపీస్తే..."

ఆయన హాయిగా నవ్వారు. "సరదాగా మాట్లాడతావే!"

బయటికి వచ్చి స్టాఫ్ రూమ్ దగ్గర నిలబడింది. డేవిడ్‌రాజు మాస్టారు టిఫిన్ డబ్బా మూత పెడుతున్నారు. విషయం ఆయనకి తెలిసే ఉంది.

"కూకోమంటారా సార్?"

"నన్నడిగితే ఏం చెప్పనమ్మా. వాళ్ళు ఏ కుర్చీ చూపిస్తే ఆ కుర్చీలో కూర్చుంటూ వచ్చినవాణ్ణి నేను. వేసవి సెలవుల్లో ఊరూరూ తిరిగి మీ పిల్లల్ని మా కాలేజీలో చేర్చండమ్మా అని బతిమాలమన్నారు, అదీ చేశాను." డబ్బా సంచిలో పెట్టుకున్నారు. "ఒక్కటి మాత్రం నిజం. కమిటీ వాళ్ళు కాదంటే ఈ కోర్సు ఎత్తేస్తారు. అప్పుడు గదీ ఉండదు, మనమూ ఉండం."

మనమూ అన్నారు. ఆ ఒక్క మాట కోసం కూర్మమ్మ ఒప్పుకుంది.

గురువారం నాటికి గది గుర్తుపట్టలేనట్టయింది. బెంచీలన్నీ తడిగుడ్డతో తుడిచారు. ల్యాబులో ఖాళీ సీసాలలో రంగునీళ్ళు పోసి వరసగా పెట్టారు. ఆ నీళ్ళు కలిపింది దానమ్మే. "మా మనవరాలి పుట్టినరోజు రస్నా లాగే ఉన్నాది" అని తనలో తనే మురిసిపోతోంది. ఫైనల్ బీఎస్సీ అమ్మాయిలు బెంచీల నిండా ఇరుక్కుని కూర్చుని, తాము ఈ రోజు ఎమ్మెస్సీ అన్న ముచ్చటకి ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటున్నారు. కూర్మమ్మ నీలం చీర కట్టుకుని బోర్డు పక్కన కుర్చీలో కూర్చుంది. గోడవైపు మొదటి బెంచీలో ముగ్గురు అమ్మాయిలున్నారు. వాళ్ళ మధ్య నుంచి తన చోటు కనిపిస్తూనే ఉంది.

కమిటీలో పెద్దాయన ఖాదీ చొక్కా వేసుకున్న ప్రొఫెసరు. వెంట వచ్చినతను ఆఫీసులో కాగితాలు చూస్తుంటే ఈయన గదులు చూస్తూ వచ్చారు. నరసింగరావు గారు పక్కనే చేతులు కట్టుకుని నడుస్తున్నారు. అనుకున్నదేమిటంటే, డేవిడ్‌రాజు మాస్టారు పది నిమిషాలు పాఠం చెప్తే భోజనాలకి తీసుకెళ్ళిపోవాలని. పెద్దాయన మాత్రం గదంతా ఒకసారి కలయజూసి, దగ్గరలో ఉన్న కూర్మమ్మ వైపు తిరిగారు.

"ఏమ్మా, నీ క్లాసు విందాం. మొన్న ఎక్కడిదాకా వచ్చారో అక్కడినుంచే చెప్పు."

డేవిడ్‌రాజు మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. కూర్మమ్మ లేచింది. సుద్దముక్క తీసుకుంటే అది ఇంత తేలికగా ఉంటుందని అప్పుడే తెలిసింది. షడ్భుజి గీసింది, ఆరో గీత మొదటి దానికి సరిగ్గా అతకలేదు. అయినా సోమవారం ఆయన చెప్పింది చెప్పినట్టే నోటికి వచ్చింది. ఇచ్చే గుంపులు, లాక్కునే గుంపులు. అమైన్ గుంపు ఇచ్చే రకం కాబట్టి కొత్తది పక్కకో, ఎదుటి మూలకో చేరుతుంది, ఆ రెంటి మధ్యనున్న మెటా మూలకి వెళ్ళదు. బాణాలు వేసింది. అమ్మాయిలు గిల్లుకోవడం మానేశారు. పెద్దాయన తల ఊపుతున్నారు.

రెండో వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. శైలజ ఆమె పేరు. ఎవరూ నోరు మెదపకూడదని వాళ్ళకి గట్టిగా చెప్పి ఉంచారు. కాని ఆ పిల్ల ముఖం చూస్తే, చెప్పింది ఆ నిమిషానికి మరిచిపోయినట్టుంది.

"మేడమ్, మరి అనిలీన్‌ని నైట్రేషన్ చేస్తే మెటా కూడా బాగా వస్తాది కదా, మా బుక్కులో ఉన్నాది. అందులో ఉన్నది అమైనే కదా మేడమ్. ఎందుకలాగ?"

కూర్మమ్మ బోర్డుకేసి చూసింది. బాణాలన్నీ పక్కకీ, ఎదుటి మూలకీ ఉన్నాయి. మధ్యకి ఒక్కటీ లేదు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు, అది చాలామంది చేసే పనే. ఆమెకి ఆ ఆలోచనే రాలేదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్న తనదే అయిపోయింది. రోజూ చేసినట్టే కిటికీ వైపు తిరిగి అడిగేసింది.

"ఎందుకు సార్?"

అడిగాక గాని తను ఎక్కడున్నదీ గుర్తుకు రాలేదు. నరసింగరావు గారు దగ్గారు. ఒకమ్మాయి కిసుక్కుమంది.

డేవిడ్‌రాజు మాస్టారు కిటికీ దగ్గరనుంచి నడిచి వచ్చారు. వచ్చి, ఆమె చేతిలో సుద్దముక్క తీసుకున్నారు. ఆయన ముఖంలో భయం లేదు, తడబాటు లేదు. ఆ ప్రశ్న తప్ప గదిలో ఇంకేమీ లేనట్టుగా ఉన్నారు.

"మంచి ప్రశ్న. నువ్వు కూర్చో అమ్మా."

కుర్చీ పక్కనే ఉన్నా, కూర్మమ్మ వెళ్ళి గోడవైపు మొదటి బెంచీలో కూర్చుంది. ముగ్గురమ్మాయిలూ జరిగి చోటిచ్చారు. పక్క పిల్ల నోట్సులోంచి ఒక కాగితం అడిగి తీసుకుంది.

"నైట్రేషన్ దేంట్లో చేస్తాం? గాఢ ఆమ్లంలో. ఆ ఆమ్లంలో పడగానే ఈ అమైన్ ఏం చేస్తుంది? ఒక ప్రోటాన్ పట్టుకుంటుంది. పట్టుకున్నాక దాని మీద ధనావేశం వచ్చింది. ఇవ్వడానికి ఇంక దాని దగ్గరేముంది? ఇందాకటి దాకా ఇచ్చేది, ఇప్పుడు లాక్కునేది అయింది. పేరు మారలేదు, చోటు మారలేదు. చుట్టూ ఉన్నది మారింది." ఆయన గొంతు నిండు గదిలో పడి, ఎక్కడా తిరిగి రాకుండా ఇంకిపోతోంది. అక్కడ ఆగలేదు. మరి మెటా మాత్రమే రాకుండా ఎదుటి మూలకి చేరే పారా కూడా ఎందుకు వస్తుందో శైలజ చేతనే చెప్పించారు. అమైన్‌ని ముందే కాపాడుకోవాలంటే ఏం చెయ్యాలో వెనక బెంచీ పిల్ల చేత చెప్పించారు. భోజనాలకి లేవమని ఎవరో వచ్చి గుమ్మంలో నిలబడితే, పెద్దాయన ఆగమన్నట్టు చెయ్యి చూపించారు.

పాఠం అయ్యాక పెద్దాయన లేచి డేవిడ్‌రాజు మాస్టారి భుజం తట్టారు. "ఇలాంటి క్లాసు విని చాలా కాలమయిందండీ. జూనియర్ మేడమ్‌కి సందేహం వస్తే దాచుకోకుండా సీనియర్‌ని అడిగింది, అది ఇంకా మంచి అలవాటు. వాతావరణం బాగుంది మీ దగ్గర."

నరసింగరావు గారి ముఖం విచ్చుకుంది. అమ్మాయిలు గోలగా వెళ్ళిపోయారు. గదిలో ఇద్దరే మిగిలాక, డేవిడ్‌రాజు మాస్టారు బెంచీ మీద కూలబడి రుమాలుతో మెడ తుడుచుకున్నారు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

"దొరికిపోనాం అనుకున్నాను సార్," అంది కూర్మమ్మ.

"నేనూ అనుకున్నాను." ఆయన నవ్వారు. ఆయన పళ్ళు కనిపించేలా నవ్వడం ఆమె అంతకుముందు చూడలేదు. "రేపూ ఎల్లుండీ కమిటీ కాగితాల పని. సోమవారం దీని తర్వాతది చెప్పుకుందాం. పొద్దున్నే వచ్చెయ్."

ఆ పూట షిఫ్టు బస్సులో ఆమెకి కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడవునా తనలో తను ఎందుకో, ఎందుకో అని చెప్పుకుంటూ వెళ్ళింది.

* * *

సోమవారం తలుపుకి తాళం ఉంది. లాగి చూసి, ముఖం కడుక్కుని, దానమ్మ కోసం చూసింది. దానమ్మ వచ్చింది గాని నడుము దగ్గర చెయ్యి పెట్టలేదు.

"సారు లేరమ్మా. ఆమదాలవలస బ్రాంచికి ఏసీసినారంట. శనారమే సెప్పినారు."

కూర్మమ్మ తిన్నగా ఆఫీసుకి వెళ్ళింది. నరసింగరావు గారు ఆమెను చూస్తూనే స్వీటు పెట్టె ముందుకి జరిపారు.

"రా తల్లీ, రా. కమిటీ మెచ్చుకున్నాది. సీట్లు కూడా పెంచమని రాస్తారంట. నువ్వు అడగబట్టే కదా అంతా."

"సార్‌ని ఎందుకు పంపీసినారు సార్?"

"అదే కదా నాను సెప్పేది! అతను అంత గొప్పగా సెప్తాడని నాకే తెలీదు. ఎప్పుడు సూసినా మూలన కూకునుండీవోడు. ఆమదాలవలసలో ఇంటరు పిల్లలు గది నిండా ఉన్నారు, మంచి మాస్టారు లేడని వాళ్ళమ్మానాన్నలు రోజూ నా పేనం తీస్తన్నారు. అలాటోణ్ణి తెచ్చి ఇక్కడ ఒక్క మనిషి కోసం కూకోబెడితే, నువ్వే సెప్పు తల్లీ, అన్యాయం కాదేటి?"

కూర్మమ్మ స్వీటు పెట్టెని తిరిగి ఆయన వైపు జరిపింది.

"నీకేటి బెంగ? నువ్వు మాకు సాయం సేసినావు, నాను మరిసిపోను. ఇంక రోజూ ఈ బస్సులు పట్టుకుని రానక్కర్లేదు. పొద్దున్న హాయిగా పడుకో. ప్రాక్టికల్స్ మేం సూసుకుంటాం. పరీక్షలకొస్తే సాలు. ఫస్ట్ క్లాసు నాది పూచీ."

ఆ మాటలు మనసులోంచే అన్నారాయన. అదే కష్టమైంది. కసిరి అంటే కోప్పడవచ్చు, ఇంత ప్రేమగా చెప్పినదాని మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలి? వరండాలోకి వచ్చి నిలబడింది. ఆ రోజు ఏదో ఒక అబద్ధం చెప్పి ఆ పిల్లను కూర్చోబెట్టి ఉంటే, ఇవాళ ఆయన గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వచ్చేవారు. తను నోరు తెరిచి ఎందుకు సార్ అనబట్టే, ఆయన ఎంత మాస్టారో అందరికీ తెలిసిపోయింది.

మాస్టారికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. క్లాసులో ఉండి ఉంటారు.

ఇంటికి వెళ్ళి పడుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నాయనా, సచివాలయంలో ఉన్నాయనా ఈపాటికి వాళ్ళ వాళ్ళ పనుల్లో ఉంటారు. వాళ్ళకీ తనకీ ఇప్పుడు తేడా ఏమీ లేదు. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర బస్సు దిగిన కూర్మమ్మ అరసవల్లి ఆటోల వైపు నాలుగడుగులు వేసి, ఆగి, ఆమదాలవలస బస్సు ఎక్కింది.

బ్రాంచి ధాన్యం కొట్ల మీద రెండో అంతస్తులో ఉంది. మెట్ల మీద తవుడు రాలి కాలికింద మెత్తగా తగిలింది. పైకి వెళ్తుంటేనే ఆ గొంతు వినిపించింది. గుమ్మం దగ్గర ఆగింది. పొడుగాటి హాలు, బెంచీకి ఆరుగురు చొప్పున ఇరుక్కున్న పిల్లలు, తిరిగీ తిరగని ఫ్యాన్లు. డేవిడ్‌రాజు మాస్టారు బోర్డు దగ్గర అణువులు చేతులు ఎలా కలుపుకుంటాయో చెప్తున్నారు. ఆమెను చూసి సగం మాటలో ఆగారు. పిల్లలందరూ వెనక్కి తిరిగి చూశారు.

"లోపలికి రా అమ్మా. ఎక్కడో ఒకచోట కూర్చో."

చివరి బెంచీలో అమ్మాయిలు జరిగారు. కూర్మమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కొసన కూర్చుంది. పక్క పిల్ల ఆమె మెడలో ఉన్న కంపెనీ కార్డునీ, ముఖాన్నీ మార్చి మార్చి చూసి, గుసగుసగా అడిగింది.

"మేడమ్, మీరు ఇన్‌స్పెక్షనా?"

"కాదమ్మా. స్టూడెంట్‌ని."

ఆ పిల్ల అవతలి పిల్ల చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వుకున్నారు. నవ్వాక ఇంకొంచెం జరిగి, మోచెయ్యి పెట్టుకోవడానికి కూడా చోటిచ్చారు.

పాఠం ఎప్పుడో చదివేసినదే. అయినా వింది. పిల్లల పెన్నులు గబగబా పరిగెడుతున్నాయి. కింద కాటా మీద బస్తాలు దించుతున్న చప్పుడు. మాస్టారు మళ్ళీ ఇటువైపు చూడలేదు. ఒక పిల్లవాణ్ణి లేపి ప్రశ్న అడిగారు, తప్పు చెప్తే సరిచేశారు, ముఖ్యమైనవి రెండుసార్లు చెప్పి రాయించారు. పోర్షన్ అయిపోయింది. బెల్లుకి ఇంకా వేళ కాలేదు. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టబోయి, పెట్టకుండా, బోర్డు మీద ఒక మూల మాత్రం అరచేత్తో తుడిచారు. అక్కడ చెయ్యి ఎత్తకుండా షడ్భుజి గీశారు.

"ఇప్పుడు చెప్పేది మీ పరీక్షల్లో రాదు," అన్నారు క్లాసుతో. "పెన్నులు మూసెయ్యండి."

హాలంతా టకటకా పెన్నులు మూసుకున్నాయి. ఎవరో హమ్మయ్య అన్నారు. పక్క పిల్ల బల్ల మీద తల వాల్చేసింది.

కూర్మమ్మ సంచిలోంచి నోట్సు తీసి, కొత్త పేజీ తిప్పి, పెన్ను మూత తీసింది.